పిల్లాడిని లోపలికి పంపి మనం బయట కూర్చుంటే

మొదటిసారి కౌన్సెలింగ్‌కి వెళ్లిన రోజు నేను బయట కుర్చీలో నలభై నిమిషాలు కూర్చున్నాను. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. లోపల తలుపు వేసి ఉంది. నా ఒళ్లో వాడి స్కూలు బ్యాగు, స్కాన్ రిపోర్టులున్న ఫైలు. అంతసేపూ నా మనసులో ఒకటే మాట: వాడిని బాగుచేసి బయటికి పంపితే చాలు. పాడైన వస్తువుని రిపేరుకిచ్చి, ఎప్పుడు రమ్మంటారని అడిగి వచ్చేసినట్టే మా వాడిని కూడా ఇచ్చి కూర్చున్నానని నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

వాడికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. బడి ఉన్న రోజుల్లో ఏడింటికి మొదలై పది దాటాక తగ్గేది. సెలవు రోజు వచ్చేది కాదు. నాటకాలాడుతున్నాడు అన్నవాళ్లున్నారు. ఒకట్రెండు సార్లు నేనూ ఆ మాట అన్నాను, దానికి ఇప్పటికీ బాధపడతాను. ఎందుకంటే నొప్పి నిజం. బొడ్డు చుట్టూ చేత్తో నొక్కి పట్టుకుని, మోకాళ్లు పైకి లాక్కుని, మొహం పాలిపోయి పడుకునేవాడు. అరిచేతులు చల్లబడేవి. మన పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలుంటాయి. వాటికీ మెదడుకీ మధ్య రోజంతా కబుర్లు నడుస్తూనే ఉంటాయి. అందుకే భయమేస్తే ముందు తెలిసేది కడుపుకి. పెద్దవాళ్లం మనకే పరీక్ష ముందో ఇంటర్వ్యూ ముందో కడుపులో దేవినట్టవుతుంది కదా. పిల్లల డాక్టరు చేయించాల్సిన పరీక్షలన్నీ చేయించి, లోపల ఏ లోపమూ లేదని తేల్చుకున్నాక కౌన్సెలర్‌ని కలవమన్నారు.

మొదట కలిసిన కౌన్సెలర్ మంచి మనిషే. వాడితో నాలుగుసార్లు మాట్లాడారు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం నేర్పారు. బడికి వెళ్లిన ప్రతి రోజుకీ ఒక నక్షత్రం అంటించుకోమని చార్టు ఇచ్చారు. మాతో మాట్లాడింది మొత్తం కలిపి పది నిమిషాలు ఉంటుందేమో. రెండు వారాలు చార్టు నిండింది. మూడో వారం నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి వాంతులతో సహా. చార్టులో ఖాళీగా మిగిలిన గళ్లు చూసి వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. చదువులో, ఆటల్లో సరే, తన నొప్పి విషయంలో కూడా తను ఫెయిలయ్యాడని ఒక పదేళ్ల పిల్లాడికి అనిపించేలా చేశాం. ఊపిరి పద్ధతి తప్పు కాదు, చార్టూ తప్పు కాదు. ఆ రెండింటి బరువూ వాడి ఒక్కడి నెత్తినే పెట్టడం తప్పు.

అప్పటినుంచి ఈ విషయం మీద చదువుతూ, అడుగుతూ, అనుభవిస్తూ వచ్చాను. ఇవాళ నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇది. పిల్లాడి ఒళ్లు, నిద్ర, బడి, స్నేహితులు, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మసలుకునే తీరు, ఇవన్నీ చూడకుండా పిల్లాడికొక్కడికే చేసే వైద్యం సగం దారిలో ఆగిపోతుంది. మిగతా సగం పని మన మీద ఉంటుంది. ఆ పని చెయ్యడం మనకి ఇష్టం ఉండదు. మన ఇష్టాయిష్టాలు చూసి మొహమాటపడే కౌన్సెలర్ మన పిల్లలకి పెద్దగా మేలు చెయ్యలేరు.

రెండో కౌన్సెలర్‌కి ఫోన్ చేసినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

నేను, మా ఆయన, పదిహేనేళ్ల అమ్మాయి, ఈ అబ్బాయి, మా అత్తగారు అని చెప్పాను.

"అయితే అందరూ రండి."

అమ్మాయికి పరీక్షలని, ఆయనకి సెలవు దొరకదని, అత్తగారికి మోకాళ్ల నొప్పులని ఏదో చెప్పబోయాను. "నొప్పి బాబు ఒక్కడికే కావచ్చు. కానీ పొద్దున్న ఏడింటికి ఇంట్లో అందరూ ఉంటారు కదా" అన్నారావిడ. అంతకుముందు ఎవరూ నాతో అలా అనలేదు.

ఆ గదిలో చాప, పొట్టి బల్ల, ఒక చెక్క ట్రేలో ఇసుక ఉన్నాయి. పక్కన బుట్ట నిండా చిన్న చిన్న బొమ్మలు: ఇళ్లు, కంచెలు, చెట్లు, జంతువులు, మనుషులు. ఇసుకలో బొమ్మలు పేర్పించి పిల్లల లోకం ఎలా ఉందో చూసే పద్ధతిని మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు 1920ల చివర్లో మొదలుపెట్టారని తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం ఆటబొమ్మలతో కాలక్షేపం చేయిస్తారు కాబోలు అనుకున్నాను.

ఆవిడ మా వాడిని నొప్పి ఎక్కడ, ఎంతసేపు అని అడగలేదు. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేస్తారని అడిగారు.

"అమ్మ వచ్చి పొట్ట రాస్తుంది. నాన్న ఆఫీసుకి ఫోన్ చేసి లేటవుతుందని చెప్తారు."

"తర్వాత?"

"ఇద్దరూ నా మంచం మీద కూర్చుంటారు."

"ఎవరు ఎటువైపు?"

వాడు చేత్తో చూపించాడు. "అమ్మ ఇటు. నాన్న కాళ్ల దగ్గర."

"నొప్పి లేని రోజుల్లో ఇద్దరూ అలా ఒక్కచోట కూర్చునేది ఎప్పుడు?"

వాడు ఆలోచించాడు. నిజంగానే లెక్కపెడుతున్నట్టు వేళ్లు కదిపాడు. తర్వాత వాళ్లక్క వైపు చూశాడు. మా అమ్మాయి చాప అంచున లేచిన పోగు ఒకటి లాగుతూ తలెత్తలేదు. మా ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచారు. మా అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ ఏడాదంతా మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఇంట్లో అరుపులు లేవు, గిన్నెలు విసురుకోవడాలు లేవు. బిల్లు కట్టావా, తాళం ఎక్కడ పెట్టావు, ఇలాంటి మాటలు తప్ప వేరే మాట ఉండేది కాదు. గట్టిగా పోట్లాడుకోవడం లేదు కాబట్టి పిల్లలకి తెలియదనుకున్నాం. తెలియకపోవడమేమిటి, వాడు వేళ్లమీద లెక్కపెట్టి ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. అమ్మానాన్నలని కలపడానికి వాడు నొప్పి తెచ్చిపెట్టుకున్నాడని కాదు. అలా ఏ పిల్లాడూ ప్లాన్ వెయ్యడు. బడిలో వాడికి వేరే భయం ఉంది, అది తర్వాత బయటపడింది. ఆ భయంతో కడుపు పట్టేసింది. కడుపు పట్టేసినప్పుడు అమ్మానాన్నలిద్దరూ పక్కనే ఉన్నారు, ఇల్లు కాసేపు మామూలుగా ఉంది. ఒంటికి ఆ సంగతి గుర్తుండిపోయింది. కారణం ఒకటే అయితే మందు కూడా ఒకటే సరిపోయేది. ఇక్కడ కారణాలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి.

పిల్లల్ని ఇలా చుట్టూ ఉన్నవాటితో కలిపి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1949లోనే జాన్ బౌల్బీ అనే లండన్ డాక్టరు, పిల్లాడిని విడిగా చూసి ముందుకు కదలక, ఇంటిల్లిపాదినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించిన అనుభవం రాశారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో అమెరికాలో వర్జీనియా సటీర్, సాల్వడార్ మినూచిన్ లాంటివాళ్లు దాన్నొక వైద్య పద్ధతిగా మలిచారు. వాళ్ల రంగంలో 'ఐడెంటిఫైడ్ పేషెంట్' అనే మాట ఒకటుంది. ఇల్లంతటికీ కలిపి ఉన్న ఇబ్బంది ఎవరి ఒంట్లో, ఎవరి ప్రవర్తనలో బయటపడితే వాళ్లని మనం రోగి అని చూపిస్తామని దాని భావం. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు మా వాడు మోకాళ్లు ముడుచుకుని పడుకున్న తీరు కళ్లముందు కదిలింది.

1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికన్ డాక్టరు ఇంకొంచెం ముందుకెళ్లి, ఏ జబ్బునైనా ఒళ్లు, మనసు, చుట్టూ ఉన్న మనుషులు, ఈ మూడూ కలిపే చూడాలని వాదించారు. డాక్టర్లు దాన్ని బయోసైకోసోషల్ మోడల్ అంటారు. పుస్తకాల్లో అందరూ ఒప్పుకుంటారు. గదిలోకి వచ్చేసరికి నలభై నిమిషాల్లో మూడూ చూడటానికి తీరిక ఉండదు.

ఇప్పుడు 'హోలిస్టిక్' అనే మాట దగ్గరికొస్తాను, ఎందుకంటే ఆ మాట మీద నాకు కోపం ఉంది. 1926లో యాన్ స్మట్స్ అనే దక్షిణాఫ్రికా నాయకుడు 'హోలిజం' అన్న మాట తయారుచేశాడు. భాగాలన్నీ కలిసినప్పుడు వచ్చే మొత్తం, విడివిడి భాగాల కూడిక కంటే ఎక్కువ అని దాని అర్థం. ఇవాళ ఆ మాట తగిలించుకుని సుగంధ నూనెలు అమ్ముతున్నారు, రంగురాళ్లు అమ్ముతున్నారు, మందులన్నీ విషం అని చెప్పి పిల్లల చేత మాత్రలు మానిపిస్తున్నారు. నా దృష్టిలో సమగ్రంగా చూడటం అంటే ఇంకా ఎక్కువ పరీక్షించడం, ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడగడం, ఏదీ వదిలిపెట్టకపోవడం. డాక్టర్ని వదిలిపెట్టిన పద్ధతి సమగ్రం ఎలా అవుతుంది?

మా అమ్మాయి విషయం దానికి మంచి ఉదాహరణ. తమ్ముడి కోసం వెళ్లిన ఆ గదిలోనే తన సంగతీ బయటికొచ్చింది. ఆర్నెల్లుగా తను మధ్యాహ్నాలు పడుకునేది, చిన్నమాటకే విసుక్కునేది, మెట్లెక్కితే ఆయాసపడేది, స్నేహితులతో మాట్లాడటం మానేసింది. మేము ఫోన్ మీద నెపం పెట్టాం. రాత్రి పదింటికి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేవాళ్లం. కౌన్సెలర్ తన మాటలు పావుగంట విని, "ముందు రక్తపరీక్ష చేయించండి. ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం" అన్నారు. ఆ వయసు ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, తనకి 9 దగ్గర ఉంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మూడు నెలల్లో ఆయాసం, మత్తు, సగం విసుగు తగ్గిపోయాయి. మిగతా సగం అలాగే ఉంది. ఆ మిగిలింది మనసుకి సంబంధించినదని అప్పుడు తేలింది. రక్తం చూడకుండా మాటలతో మొదలుపెట్టి ఉంటే, రక్తం లేక వచ్చిన నీరసాన్ని కూడా తన మనసులోనే వెతికేవాళ్లం.

ఇలాంటివి చాలానే ఉంటాయి. ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి రాత్రంతా గురకపెట్టే పిల్లాడు పగలు క్లాసులో కుదురుగా కూర్చోలేడు, వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రతా కుదురూ లేని సమస్య, ఉందేమోనని అందరూ అనుకుంటారు. చెవి సరిగ్గా వినపడని పిల్లని మాట వినదంటారు. థైరాయిడ్ తేడా చేసిన పిల్లని బద్ధకం అంటారు. అందుకే మంచి కౌన్సెలర్ మొదటి రోజు అడిగే ప్రశ్నలు కొన్ని డాక్టరు అడిగినట్టే ఉంటాయి.

నిద్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెద్దపిల్లలున్న ఇళ్లలో సగం గొడవ దాని దగ్గరే మొదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. చిక్కేమిటంటే ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా మొదలవుతుంది. పదింటికి పడుకోమంటే వాళ్లకి నిద్ర రాదు. పొద్దున్న ఆరింటికి లేపేస్తే చాలదు. ఫోన్ దీన్ని ఇంకా పాడుచేస్తుంది, ఒప్పుకుంటాను, కానీ ఇది పిల్లల పొగరు కాదు, ఒంటి గడియారం. మా ఇంట్లో ఈ ఒక్క ముక్క తెలిశాక రాత్రి పదింటి యుద్ధం ఆగింది. ఫోన్లు అందరివీ, మా ఆయనదీ నాదీ కూడా, రాత్రి హాల్లోనే పెట్టాలని నిర్ణయించుకున్నాం. మొదటి వారం అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది నేనే. ఏదో ఒక వంకతో హాల్లోకి వెళ్లి చూసొచ్చేదాన్ని. అప్పటిదాకా నా కూతుర్ని ఏమని తిట్టానో గుర్తొచ్చి సిగ్గేసింది.

అమ్మాయి ఒంటరిగా కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాక నాకు అసలు పరీక్ష వచ్చింది. మొదటి రోజే ఆవిడ మా అందరి ముందూ ఒక నియమం పెట్టారు. అమ్మాయి చెప్పినవి గది దాటి బయటికి రావు. తను తన ప్రాణానికి హాని చేసుకునేలా ఉన్నా, వేరేవాళ్లకి హాని చేసేలా ఉన్నా, తనని ఎవరైనా హింసిస్తున్నా, ఆ మూడు సందర్భాల్లో మాత్రం చెప్తారు. అదీ ముందు తనకి చెప్పాకే. నేను తలూపాను. రెండో వారానికే వరండాలో ఆవిడని పట్టుకుని, "ఏమంది మేడమ్? మా గురించేమైనా అందా?" అని గుసగుసగా అడిగాను.

"తనే మీకు చెప్పడానికి సిద్ధమవుతోంది. నేను ముందే చెప్పేస్తే ఇక తను చెప్పడానికేముంటుంది?" అన్నారు.

ఆ రాత్రి కోపంతో నిద్రపట్టలేదు. నా బిడ్డ, నా ఇల్లు, నాకు తెలియకుండా ఏమిటి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తలుపు మూసి ఉండటం వల్లే మా అమ్మాయి నోరు తెరిచింది. పదిహేనేళ్ల పిల్లకి తను చెప్పిన మాట సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుందని తెలిస్తే, వాతావరణం గురించి మాట్లాడి వచ్చేస్తుంది. పిల్లలతో పాటు మొత్తం కుటుంబాన్ని చూసే కౌన్సెలర్‌కి ఇది కత్తిమీద సామే. అందరి మనిషిగా ఉండాలి, ఎవరి రహస్యం వాళ్లకే దాచాలి. ఆ రెండూ ఒకేసారి కుదరకపోతే అమ్మాయిని వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపుతానని కూడా ఆవిడ ముందే చెప్పారు. ఆ మాట చెప్పగలగడం నాకు నచ్చింది.

రెండు నెలల తర్వాత అమ్మాయే అడిగి నన్ను లోపలికి పిలిపించింది. కౌన్సెలర్ తనని ముందే, సూటిగా, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగారట. ఒకసారి అనిపించిందని తను చెప్పిందట. ఇప్పుడు ఆ మాట నాతో చెప్పడానికి పిలిచింది. నా కాళ్లు చల్లబడ్డాయి. అలా అడిగితే లేని ఆలోచన తలలో పెట్టినట్టు కాదా అని నాకు ముందునుంచీ భయం. కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, బరువు దిగుతుందని ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. ఆ రోజు ముగ్గురం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం: మనసు ఏ స్థితికి వస్తే ఎవరికి చెప్పాలి, అర్ధరాత్రి అయితే ఎవరిని లేపాలి, ఇంట్లో మాత్రలు ఎక్కడ తాళంలో ఉండాలి. ఆ కాగితం ఇప్పటికీ తన డ్రాయర్‌లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల మధ్య పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఆ ఏడుగురిలో ఒకరు మనింట్లో ఉండరని ఎందుకనుకుంటామో నాకు తెలియదు. నేనూ అలాగే అనుకున్నాను.

కొంతకాలం మందులు కూడా వాడాల్సి రావచ్చని ఆవిడ సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. మా బంధువుల్లో చాలామంది వద్దన్నారు. 2004లో అమెరికాలో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజ్ పిల్లల మీద పెద్ద పరిశోధన జరిగింది. ఫ్లూయాక్సెటిన్ అనే మందు, సీబీటీ అనే మాటల వైద్యం, రెండూ కలిపి, ఉత్తుత్తి మాత్ర, ఇలా నాలుగు గుంపులుగా చూశారు. పన్నెండు వారాలకి రెండూ కలిపి అందినవాళ్లలో 71 శాతం మందికి బాగా గుణం కనిపించింది. మందు ఒక్కటే అయితే 61, మాటల వైద్యం ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రతో 35. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఈ రకం మందులు మొదలుపెట్టినప్పుడు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదాన్ని జాగ్రత్తగా గమనించాలని డబ్బా మీదే హెచ్చరిక వేయించింది. రెండు నిజాలూ పక్కపక్కన పెట్టుకుని డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోవాలి. చివరికి మా అమ్మాయికి మందు అవసరం రాలేదు. వచ్చి ఉంటే వాడేవాళ్లం.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట. ఇంటిని కూడా చూడాలి అంటే తప్పంతా తల్లిదండ్రులదేనా? తల్లిగా ఈ ప్రశ్న నన్ను కోస్తుంది, దానికి చరిత్ర కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆటిజం రావడానికి తల్లి ప్రేమ లేకపోవడమే కారణమని పేరున్న నిపుణులే చెప్పారు. ఆ తల్లులకి 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరుపెట్టారు. వేలమంది ఆడవాళ్లు ఆ నింద మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు, స్వయంగా ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి, అది మెదడుకి సంబంధించిన విషయమని ఆధారాలతో వాదించాక ఆ అబద్ధం కూలడం మొదలైంది. కాబట్టి కుటుంబాన్ని చూస్తామనే ప్రతివారినీ నమ్మమని నేను చెప్పను. గదిలో కూర్చున్న పావుగంటకే "మీ పెంపకం వల్లే" అనేవాళ్లుంటే లేచి వచ్చెయ్యండి.

మా కౌన్సెలర్ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. "ఎవరి వల్ల వచ్చింది" అన్న ప్రశ్ననే పక్కన పెట్టేశారు. "రేపు పొద్దున్న ఏడింటికి ఎవరు ఏం మార్చగలరు" అని మాత్రం ప్రతిసారీ అడిగేవారు. నింద వెయ్యడానికీ సాయం అడగడానికీ ఉన్న తేడా నాకు అక్కడ తెలిసింది.

ఆ సాయానికి ఎంత బలం ఉందో చూపించే పరిశోధన ఒకటుంది. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం, విపరీతమైన భయాలతో బాధపడే 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపులో పిల్లలకి సీబీటీ ఇచ్చారు. రెండో గుంపులో పిల్లల్ని అసలు కూర్చోబెట్టలేదు, పన్నెండు వారాలూ తల్లిదండ్రులకే నేర్పారు. 2020లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపుల పిల్లలూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. థెరపిస్టు దగ్గర అసలు కూర్చోకుండానే ఆ రెండో గుంపు పిల్లలు కూడా!

తల్లిదండ్రులకి ఏం నేర్పారంటే, పిల్లాడి భయం ఆ పూటకి తగ్గించడానికి మనం చేసే సర్దుబాట్లని మెల్లగా తగ్గించుకోవడం. బడికి ఫోన్ చేసి రాలేడని చెప్పడం, రాత్రంతా పక్కన పడుకోవడం, "ఏం కాదు కదా అమ్మా" అని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ ఏం కాదని చెప్పడం. నేను ఈ మూడూ చేసేదాన్ని. ప్రేమతోనే చేశాను. కానీ ప్రతిసారీ వాడికి అందిన కబురు, నువ్వు దీన్ని తట్టుకోలేవు అనే. దాని బదులు "భయంగా ఉందని తెలుసు. నువ్వు తట్టుకోగలవనీ నాకు తెలుసు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాను. ఊరుకోవడం చాలా కష్టం. మొదటి వారం వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను.

బడి సంగతి ఇంకా చెప్పలేదు. ఇసుక ట్రేలో మా వాడు ఒక రోజు గోడలా కంచెలు పెట్టి, కంచె బయట మూడు డైనోసార్లు, లోపల మూలకి ఒక చిన్న బొమ్మని పెట్టాడు. పొద్దున్న ప్రార్థన ముందు మెట్ల దగ్గర ముగ్గురు పెద్ద పిల్లలు వాడి బ్యాగు లాక్కుంటున్నారని అలా తెలిసింది. కౌన్సెలర్ మా అనుమతి, వాడి అనుమతి కూడా తీసుకుని క్లాస్ టీచరుతో మాట్లాడారు. పెద్ద విచారణలేమీ జరగలేదు. ఆ పది నిమిషాలూ మెట్ల దగ్గర ఒక టీచరు నిలబడటం మొదలైంది, అంతే. ఎన్ని ఊపిరి వ్యాయామాలు చేసినా ఆ మెట్ల దగ్గరి భయం పోయేది కాదు, పోకూడదు కూడా. అది న్యాయమైన భయం.

అన్ని ఇళ్లలోనూ ఇలా అందరినీ చాప మీద కూర్చోబెట్టడం కుదరదని తెలుసు. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, పిల్లని ఆ మనిషి పక్కన కూర్చోబెట్టి నోరు విప్పమనడం ప్రమాదం. అక్కడ ముందు పిల్లకి రక్షణ కావాలి, తర్వాతే మాటలు. ఒంటరి తల్లికో తండ్రికో మూడు ఉద్యోగాల మధ్య వారానికో గంట దొరకదు. రానని మొండికేసే తండ్రులు చాలామంది. ఇంట్లో ఒక్కరు వచ్చినా, ఆ ఒక్కరు తను చేసేది కాస్త మార్చుకున్నా పనవుతుందని చెప్పేవాళ్లు నిజమైన సమగ్ర దృష్టి ఉన్నవాళ్లని నా నమ్మకం. అందరూ రాకపోతే చూడను అని పంతం పట్టేవాళ్లు కాదు.

తెలిసినవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి మంచి కౌన్సెలర్ ఎవరని అడుగుతుంటారు. పేరు చెప్పేముందు, ఏ కౌన్సెలర్‌నైనా అడగమని కొన్ని ప్రశ్నలు చెప్తాను. చదువు, లైసెన్సు ఏమిటి? మాతో ఎంతసేపు మాట్లాడతారు? అవసరమైతే డాక్టరుతో, బడితో మాట్లాడతారా? పిల్లలు చెప్పినది ఎక్కడిదాకా గోప్యంగా ఉంచుతారు? బాగవుతోందని ఎలా తెలుసుకుంటాం? చివరి ప్రశ్నకి జవాబు లేనివాళ్ల దగ్గర ఏళ్లతరబడి తిరగాల్సి వస్తుంది.

మా ఆయన, నేను ఆ తర్వాత వేరే చోట విడిగా ఆరు నెలలు కౌన్సెలింగ్‌కి వెళ్లాం. అన్నీ సర్దుకోలేదు. మాట్లాడుకుంటున్నాం. నొప్పి లేని రోజుల్లో కూడా పడుకునే ముందు పావుగంట ఇద్దరం వాడి మంచం మీద కూర్చోవాలని పిల్లల్ని చూసే కౌన్సెలర్ చెప్పారు. మొదట్లో ముగ్గురికీ ఇబ్బందిగానే ఉండేది, ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. వాడే పొడుపుకథలు వెయ్యడం మొదలుపెట్టాడు.

నొప్పి పూర్తిగా పోలేదు. నాలుగో వారం ఆవిడ వాడిని, నీ నొప్పికి ఒక రూపం ఉంటే ఎలా ఉంటుందో బుట్టలోంచి తీసి చూపించమన్నారు. సమస్యని మనిషి నుంచి విడదీసి ఎదురుగా పెట్టుకుని మాట్లాడటం అనే పద్ధతి మైకేల్ వైట్ అనే ఆస్ట్రేలియా థెరపిస్టు, న్యూజిలాండ్‌కి చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ 1980ల్లో తయారుచేసింది. వాడు చాలాసేపు వెతికి ఒక పచ్చ కప్పని తీశాడు. "ఇది లోపల కూర్చుని ఎగురుతుంది" అన్నాడు. ఎప్పుడు పెద్దదవుతుంది, ఎప్పుడు చిన్నదవుతుంది, దానికి ఏమంటే నచ్చదు అని ఆవిడ ఆ కప్ప గురించే గంటసేపు అడిగారు. వాడు ఎంత సీరియస్‌గా జవాబులు చెప్పాడో.

మొన్న పరీక్షల మొదటి రోజు పొద్దున్న బూట్ల లేసులు కట్టుకుంటూ ఆగిపోయాడు. చెయ్యి పొట్ట మీదకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ముందుకు వెళ్లలేదు.

"కప్ప వచ్చిందా?" అన్నాను.

"ఊఁ. చిన్నదే" అని రెండో బూటు లేసు కూడా కట్టుకుని బ్యాగు తగిలించుకున్నాడు.